మందు అన్న మాట

బెల్జియం
6 ఏప్రిల్ 2025

అక్కా, సలాం.

కంగారుపడకు అని మొదలుపెడదామనుకున్నాను. కానీ ఇది కంగారుపడే సంగతే. కూర్చుని చదువు.

మార్చి పదహారున రేసు అయ్యాక నా మూత్రం తీసుకున్నారు. ప్రతి రేసులోనూ ఎవరో ఒకరిది తీసుకుంటారు, మామూలే. నిన్న రిపోర్టు వచ్చింది. అందులో స్టెరాయిడ్ ఉందట. నొప్పి, వాపు తెలియకుండా చేసే మందు. రేసుల్లో దానికి నిషేధం.

పదకొండింటికి మెయిల్ వచ్చింది. పన్నెండింటికి మేనేజరు వచ్చి సైకిలు, జెర్సీలు, ఫోను, టీమ్ ఇంటి తాళంచెవి అన్నీ తీసుకున్నాడు. మా టీమ్‌లో జీరో టాలరెన్స్ అనే నియమం ఉంది. అనుమానం వచ్చిందా, మనిషి బయటికి. నువ్వేం చెబుతావో వినడం కూడా ఉండదు. కాంట్రాక్టులో ఆ పేజీ మీద నేను గర్వంగా సంతకం పెట్టాను. దొంగలను ఏరేసే నియమం అనుకున్నాను. ఇప్పుడు ఊరి చివర ఒక గది అద్దెకు తీసుకుని ఉన్నాను.

నేనేమీ తీసుకోలేదు. అల్లా సాక్షి. తలనొప్పి మాత్రకైనా టీమ్ డాక్టర్ని అడిగే మనిషిని.

తెలిసి తీసుకున్నానని తేలితే నాలుగేళ్ళ నిషేధం. నాకు ఇరవై తొమ్మిది నిండాయి. నాలుగేళ్ళు తొక్కని వాణ్ణి ఏ టీమూ తీసుకోదు. ఒంట్లోకి ఎలా వచ్చిందో రుజువు చూపిస్తే తగ్గుతుంది. ఒక లాయరమ్మ దొరికింది. ఈ సంగతి ఫోన్లో ఎవరితోనూ మాట్లాడవద్దంది. ఉత్తరం రాయి. నీకు ఫోన్లో ఎటూ మాటలు రావు.

నువ్వు నమ్ముతున్నావని రాస్తే చాలు.

వలి

*

నరసరావుపేట
16 ఏప్రిల్ 2025

వలీ,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. జొహర్ నమాజు చేసుకుని చదివాను. నమ్ముతున్నాను.

అంతకుముందే ఇక్కడ పేపర్లో పడింది. నాకు తెలియదు. ఎదురింటి రాజమ్మ పిన్ని గేటు దగ్గరనుంచే ఏడుస్తూ వచ్చింది. "ఏమే నజీమా, వలి మందు తాగాడంట గదే" అంది. మన వైపు ఏడుస్తూ ఆ మాట అంటే ఒకటే అర్థం. మిరప చేలలో కొట్టే మందు. నేను పరుపు కుడుతూ ఉన్నాను. సూది చేతిలో దిగింది, తెలియలేదు. ఆమె కోడలు పేపరు పట్టుకుని పరుగున వచ్చి "తాగాడని కాదత్తా, వాడాడని రాశారు" అంది. "ఏందో, రెండూ మందే గదా" అంది పిన్ని. ఆమెది తప్పు కాదు. ఆ ఇంట్లో ఒకరు అలా పోయారు.

ఆ కాసేపు నేను నిన్ను పోగొట్టుకున్నాను. అందుకని నీ ఉత్తరంలోని కష్టం నాకు మోయగలిగినదిగానే కనిపించింది. నీకు అలా కనిపించదని తెలుసు.

ఏం తిన్నావు, ఏం తాగావు, అది ఎవరి చేతి మీదుగా వచ్చింది, గుర్తు తెచ్చుకుని రాయి. డిసెంబరులో పడినప్పుడు దెబ్బ తగిలిన మోకాలు ఎలా ఉంది?

ప్రతి నమాజులో నీ పేరు ఉంటుంది.

అక్క

*

బెల్జియం
26 ఏప్రిల్ 2025

అక్కా,

నమ్ముతున్నాను అని నువ్వు రాసిన ముక్కను లాయరమ్మకు చూపించాను. తెలుగు రాకపోయినా తలూపింది.

మోకాలు బాగానే ఉంది. మార్చిలో అయితే రేసు రోజుల్లో నొప్పన్నదే తెలియలేదు. నా కర్మ చూడు, కాలు బాగున్న నెలలోనే ఇది.

నువ్వు అడిగినట్టే లాయరమ్మ కూడా జాబితా రాయించింది. రంజాన్ నెలలో రేసు ఉన్న రోజు ఉపవాసం ఉండలేదు, తర్వాత తీర్చుకుంటానని నీకు చెప్పాను కదా. ఆ రోజుల్లో పొద్దున టీమ్ వంటవాడి అన్నం, గుడ్లు. దానితోపాటు నీ సున్నుండ ఒకటి. "అదేమిటి?" అంది. మినుములు, బెల్లం, నెయ్యి, మా అక్క చేసింది అన్నాను. "మిఠాయా" అని రాసుకోకుండా వదిలేసింది. ఇక మిగిలింది దారిలో తాగే బాటిళ్ళు.

బాటిళ్ళు నింపేది మన్సూర్. వాళ్ళ నాన్న మొరాకో నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మాకు కాళ్ళు మర్దన చేసేదీ అతనే. నన్ను ఖాదర్ అని పిలుస్తాడు. ఇఫ్తారుకు వాళ్ళింటికి తీసుకువెళ్ళాడు, వాళ్ళమ్మ నాకు సూప్ పోసింది. అతన్ని అనుమానించడానికి నాకు వారం పట్టింది. కానీ అక్కా, ఇంకెవరున్నారు? పోయిన మంగళవారం టీమ్ ఆఫీసుకు వెళ్ళి చెప్పాను, నా బాటిళ్ళు ముట్టుకునేది మన్సూర్ ఒక్కడేనని. అది అబద్ధం కాదు. మర్నాడు అతన్ని తీసేశారు. అదే నియమం. పద్నాలుగేళ్ళుగా చేస్తున్న పని. ముగ్గురు పిల్లలు.

నా గదికి వచ్చి తలుపు కొట్టాడు. "ఖాదర్, ఒక్కసారి నా ముఖం చూసి చెప్పు" అన్నాడు. నేను తీయలేదు.

తప్పు చేశానంటావా? నాకు నిద్ర లేదు.

వలి

*

నరసరావుపేట
6 మే 2025

వలీ,

మన్సూర్ గారి మీద చెప్పింది వెంటనే వెనక్కి తీసుకో. ఆయన ఆ పని చేయలేదు. నాకెలా తెలుసని ఇప్పుడు అడగవద్దు. రూఢి చేసుకుని రాస్తాను.

రేపు వినుకొండ వెళుతున్నాను.

అక్క

*

బెల్జియం
16 మే 2025

అక్కకు,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. పదిసార్లు చదవడానికి అందులో ఉన్నవే నాలుగైదు వాక్యాలు.

మన్సూర్ చేయలేదు అంటే ఎవరు చేసినట్టు? నేనే తీసుకున్నాననేగా? తెలుగు ముక్క రాని లాయరమ్మ నన్ను నమ్మింది. ఎత్తుకుని పెంచిన నువ్వు వేల మైళ్ళ అవతల కూర్చుని, ఎన్నడూ చూడని వాడికి పూచీ పడుతున్నావు. అతను మన మతం వాడని జాలా? లేకపోతే వినుకొండలో ఎవరి దగ్గరికన్నా వెళ్ళి నా గురించి అంజనం వేయించి చూశావా?

నువ్వెప్పుడూ ఇంతే. అమ్మ పోయాక ఈ పిల్లవాడు ఏమైపోతాడోనని చుట్టాలంతా మాట్లాడుకుంటుంటే నువ్వు మాత్రం ఒక్క మాట అనలేదట. ఎత్తుకుని లోపలికి తీసుకువెళ్ళావట. ఆ కథ నాకు చెప్పినవాళ్ళంతా మెచ్చుకుంటూ చెప్పారు. నేను మాత్రం నువ్వు మాట్లాడనివన్నీ ఊహించుకుంటూ పెరిగాను. ఇప్పుడు ఊహించుకునే ఓపిక లేదు. ఉన్నదేదో రాయి.

హియరింగ్ జులై మూడున. టీమ్ కుర్రాళ్ళు దారిలో కనబడితే పక్క వీధిలోకి తిరిగిపోతున్నారు. నాతో మాట్లాడితే వాళ్ళకూ అనుమానం అంటుకుంటుంది. అన్నం సహించడం లేదు. నీ డబ్బాలో మూడు సున్నుండలు మిగిలాయి. మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేస్తున్నాను. నువ్వు కూడా నమ్మకపోతే పొద్దున లేచి ముఖం కడుక్కోవడానికి నాకు కారణం కనబడటం లేదు.

వలి

*

నరసరావుపేట
26 మే 2025

వలీ,

నువ్వు తీసుకోలేదు. నేను పెట్టాను.

డిసెంబరులో నువ్వు కుంటుతూ వచ్చావు. లేపనం రాస్తానన్నా డబ్బా మీద రాసింది చదివి వద్దన్నావు. "డాక్టరిచ్చిన లిస్టులో లేనిది ఒంటికి తగలనివ్వనక్కా" అన్నావు. మెట్లు దిగుతూ గోడ పట్టుకునేవాడివి. నేను చూడలేకపోయాను.

వినుకొండలో ఒక పెద్దాయన నొప్పుల పొడి ఇస్తాడు. రెండేళ్ళ కింద నాకు మోకాళ్ళు వంగక కుర్చీలో కూర్చుని నమాజు చేసుకునేదాన్ని. ఆ పొడి వాడాక మళ్ళీ నేల మీద నుదురు ఆనించి సజ్దా చేయగలిగాను. ఆకులపొడి అన్నాడు. అల్లా ఇచ్చిన ఆకు నీకేం చేస్తుంది అనుకున్నాను. ఇరవై పొట్లాలు మినప్పిండిలో కలిపి ఉండలు కట్టాను. రేసు రోజున ఒకటి తిను, బలం అని చెప్పాను.

నువ్వు మోకాలు నొప్పే తెలియలేదని రాసిన చోట నాకు అర్థమైంది. వినుకొండ వెళ్ళి ఆయన్ని అడిగాను. "ఆకులేనమ్మా" అన్నాడు. ఒట్టు వేయమన్నాను. "పొద్దున్నే ఒట్లేందమ్మా, బేరం వేళ" అన్నాడు. తిరిగి వచ్చి ఒక పొట్లం మెడికల్ షాపు శేషగిరిరావు గారికి చూపించాను. నాలిక మీద పెట్టుకుని ఉమ్మేశాడు. "ఏ ఆకమ్మా గంటలో నొప్పి తీసేది? ఇందులో మాత్రలు నూరి కలుపుతారు. నువ్విది రెండేళ్ళు తిన్నావా?" అన్నాడు.

ఇంకొకటి ఉంది. అదీ రాయాలి. ఫిబ్రవరిలో బస్టాండులో డబ్బా చేతికిస్తుంటే నువ్వు అన్నావు, "ఏందక్కా ఇంత బరువుంది, మందేమన్నా పెట్టావా ఇందులో" అని. "పెట్టాను, తిను" అన్నాను. "అయితే ఇంక నీ కొంగు వదలనులే" అని నవ్వి బస్సెక్కావు. నేనూ నవ్వాను.

మే ఆరో తేదీ ఉత్తరానికి ముందు మూడు రాసి చించాను. రూఢి అయ్యాక రాద్దామన్నది సాకు. నీకు చెప్పడానికి భయపడ్డాను. నా భయం వల్ల మన్సూర్ గారి ఇంట్లో ఇంకో ఇరవై రోజులు పొయ్యి ఎలా వెలిగిందో తెలియదు.

ఆ మూడు సున్నుండలు తినవద్దు. లాయరమ్మకు ఇవ్వు. మిగిలిన రెండు పొట్లాలు వేరే కవరులో పంపుతున్నాను. ఈ ఉత్తరం కూడా ఇవ్వు. నా గురించి ఆలోచించవద్దు.

నజీమా

*

బెల్జియం
20 జూన్ 2025

అక్కా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఏమీ చేయలేదు. మూడో రోజు నువ్వు చెప్పినట్టే అన్నీ లాయరమ్మకు ఇచ్చాను. సున్నుండల్లో అదే మందు దొరికింది, పొట్లాల్లోనూ దొరికింది. ఆమె సంతోషం చూడాలి. మన్సూర్ గురించి చెప్పింది తప్పని టీమ్‌కు రాసిచ్చాను. అందిందని జవాబు వచ్చింది, అంతే.

తర్వాత నీ ఉత్తరాన్ని అనువాదం చేయించి విచారణ వాళ్ళకు పంపేశారు. నాకు చూపించేసరికే వెళ్ళిపోయింది. చేసినాయన తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నాడట. బస్టాండు మాటలు ఇలా ఉన్నాయి: "ఇందులో డ్రగ్ ఏమైనా కలిపావా అని నువ్వు అడిగావు. కలిపాను, తిను అన్నాను. నువ్వు నవ్వి బస్సు ఎక్కావు."

ఇప్పుడు అవతలివాళ్ళు పట్టుకున్నది అదొక్కటే. తమ్ముడు అడిగాడు, అక్క చెప్పింది, తెలిసే తిన్నాడు, నాలుగేళ్ళు. మనిషికి మందు పెట్టి కొంగుకు కట్టేసుకోవడం అనే మాట మా ఊళ్ళో వేళాకోళమని నేను గంటసేపు చెప్పాను. "మీ అక్క నిజంగానే కలిపింది కదా, ఇక వేళాకోళం ఎక్కడిది?" అన్నాడు ఒకాయన.

హియరింగ్ జులై ఇరవై నాలుగుకు మారింది. ఒక్కటే దారి ఉంది. ఆ బస్టాండు మాటలు జరగలేదని, వయసు మీద పడి ఏదో కలగలిపి రాశానని నువ్వు ఇంకో కాగితం పంపాలి. లాయరమ్మ నోటితో చెప్పలేదు. కానీ "ఆ పేరా లేకపోతే గెలిచేవాళ్ళం" అని మూడుసార్లు అంది.

ఒక్క వాక్యం అక్కా. నువ్వు అబద్ధం ఆడవని నాకు తెలుసు. నన్ను అడక్కుండా నాకు మందు పెట్టగలిగావు. నా కోసం ఒక్క అబద్ధం పెట్టలేవా?

వలి

*

నరసరావుపేట
30 జూన్ 2025

వలీ,

రాయలేను.

రెండు రాత్రులు నమాజు చాప మీదనే ఉన్నాను. రాయడానికి అనుమతి అడిగాను. రాలేదు. అబద్ధానికి భయపడి కాదు. ఒక మాటను దాచినందుకే ఇంత జరిగింది. రెండోది దాస్తే దాని కింద ఎవరు పడతారో నాకు తెలియదు.

దీనితో ఒక కాగితం పంపుతున్నాను. కోర్టు దగ్గర నోటరీ అబ్దుల్ హమీద్ గారు ముద్ర వేశారు. చదివి, "ఇది పంపిస్తే మీ వాడికి మేలో కీడో చెప్పలేనమ్మా" అన్నారు. పంపమన్నాను. అందులో రాసింది ఇది:

"నా పేరు నజీమా. వయసు యాభై రెండు. ఖాదర్ వలి నా తమ్ముడు, నేను పెంచాను. మా వైపు మందు అనే మాటకు చాలా అర్థాలు ఉన్నాయి. జబ్బుకు వేసేది మందు. చేనుకు కొట్టేది మందు. సారా కూడా మందే. ఒకరిని తన వెంట తిప్పుకోవడానికి తిండిలో ఏదో పెట్టారంటే దాన్నీ మందు అంటారు. అలాంటిది లోకంలో లేదు. పెళ్ళాం మాట జవదాటని వాణ్ణి ఎగతాళి చేయడానికి అంటారు. నా తమ్ముడు బస్టాండులో అడిగింది ఆ లేని మందు గురించి. నేను పెట్టానని చెప్పింది నొప్పుల పొడి గురించి. మాట ఒకటే కావడం వల్ల నేను నిజమూ చెప్పినట్టయింది, దాచినట్టూ అయింది. అతనికి అర్థం కాదని నాకు ఆ క్షణంలో తెలుసు. అర్థం కాకూడదనే ఆ మాటతో చెప్పాను. అతను నవ్వింది తెలియక. నేను నవ్వింది తెలిసి."

ఇంతకంటే నా దగ్గర లేదు.

అక్క

*

నరసరావుపేట
28 జులై 2025

వలీ,

నువ్వు రాసి నెల దాటింది. ఇరవై నాలుగో తేదీ కూడా వెళ్ళిపోయింది. పోస్టుమాన్ మన వీధిలోకి తిరగకుండానే తల అడ్డంగా ఊపుతున్నాడు.

నువ్వు పొద్దున లేవడానికి కారణం లేదని రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. రాజమ్మ పిన్ని రోజూ వచ్చి ఏమీ అడగకుండా కూర్చుని పోతోంది. ఆమె అడగకపోవడమే నాకు భయంగా ఉంది.

బతికి ఉన్నానని రాయి. తిట్టవద్దనను. కాగితం మీద నీ పేరు ఒక్కటి రాసి పంపినా చాలు.

అక్క

*

బెల్జియం
11 ఆగస్టు 2025

అక్కా,

బతికే ఉన్నాను. పిన్నికి చెప్పు.

రెండేళ్ళు వేశారు.

నీ కాగితం ఈసారి ఇద్దరి చేత అనువాదం చేయించారు. విచారణ చేసే నలుగురూ చదివారు. నాకు తెలియదని ఒప్పుకున్నారు. నాలుగేళ్ళు పోయింది. అప్పుడు చివర కూర్చున్న ముసలావిడ అడిగింది, "వేళాకోళంగా అడిగారు సరే. ఒకసారి మామూలుగా ఎందుకు అడగలేదు, ఇందులో ఏమేం వేశావని?" లాయరమ్మ నా వైపు చూసింది. అడగవలసింది, అది నా పొరపాటు అనాలి. ముందే నేర్పింది. అలా అంటే ఏడాదితో పోయేదట.

నా నోట అది రాలేదు. "అక్క చేత్తో చేసి పెడితే ఎవరైనా అడుగుతారా?" అన్నాను. ఆవిడ దయగానే చూసింది. రాసుకుంది. తీర్పులో ఆ వాక్యం ఉంది. ఎవరు పెట్టినా అడిగి తినడం ఆటగాడి బాధ్యత, అతను అడగనని అంటున్నాడు, కనుక రెండేళ్ళు.

టీమ్ కాంట్రాక్టు రద్దు చేసింది. తెలిసి తిన్నా తెలియక తిన్నా వాళ్ళకు ఒకటే. మన్సూర్‌ను తిరిగి తీసుకోమని మళ్ళీ రాశాను. ఆ చోటులో వేరే మనిషి చేరాడని జవాబు. అతను ఇప్పుడు కూరగాయల గోదాములో పెట్టెలు మోస్తున్నాడట. వాళ్ళ వీధి మొదటిదాకా రెండుసార్లు వెళ్ళి తిరిగి వచ్చాను.

నెల రోజులు కావాలనే రాయలేదు. నీ మీద కోపం ఉంది. ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఆ ముసలావిడ ముందు నిన్ను అనుమానించవలసిందని ఒప్పుకోలేకపోయిన వాడినీ నేనే. రెండూ ఎలా ఉంటున్నాయో నాకే అర్థం కావడం లేదు.

వలి

*

నరసరావుపేట
21 ఆగస్టు 2025

వలీ,

నీ ఉత్తరం అందింది. పిన్నికి చెప్పాను. "రాశాడా" అని ఒక్కటే మాట అని, ఇంటికి వెళ్ళి పడుకుంది.

కోపం ఉంచుకో. నాకు రావలసినదే. ఆవిడ అడిగినదానికి నువ్వు చెప్పిన జవాబు చదివినప్పుడు నాకు సంతోషం కలగలేదు. ఆ నమ్మకానికి ఏడాది పోయింది. ఇకమీద నేను పెట్టినా అడుగు. ఇద్దరం అలవాటు చేసుకుందాం.

ఈ కవరులో ఇంకో ఉత్తరం ఉంది. అది మన్సూర్ గారికి. తెలుగులోనే రాశాను, నాకు వచ్చింది అదే. ఆ రోజు బస్టాండులోనే నేను నోరు విప్పి ఉంటే ఆయన పని ఉండేది. అది రాశాను. క్షమించమని రాయలేదు. అది ఆయన ఇష్టం.

నువ్వు తీసుకువెళ్ళి ఆయన ముందు కూర్చుని చదవాలి. అనువాదం చేసేవాళ్ళకు ఇవ్వవద్దు. ముందు నీ తప్పు చెప్పు. తర్వాత నాది చదువు. వాళ్ళమ్మ కూడా ఉంటే ఆమెను కూర్చోమను. మందు అన్న మాట ఏడుసార్లు వస్తుంది. వచ్చినచోటల్లా ఆగు. అది ఏ మందో చెప్పి, ఆయనకు అర్థమైందా అని అడిగి, అప్పుడు ముందుకు వెళ్ళు. ఎంతసేపైనా పట్టనీ.

ఆయన ఏమన్నాడో నాకు రాయి. తిడితే తిట్టిన మాట తిట్టినట్టు రాయి. నన్ను కాపాడటానికి ఒక్క ముక్క మార్చవద్దు.

అక్క